‘ఈ ఒక్క ఏడాది’కి టీకా తాత్పర్యం

మూలం: “ఈ ఒక్క ఏడాదీ కళ్లు మూసుకుని చదివెయ్ నాన్నా, తర్వాత అంతా నీ ఇష్టమే.”

అవతారిక. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లలున్న తెలుగిళ్లలో జూన్ మొదలు మరుసటి మే దాకా నిత్యపారాయణగా వినిపించే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. అన్న ప్రతి తండ్రీ ఇంకెవరి దగ్గరో విని అన్నవాడే కాబట్టి అపౌరుషేయం అనడానికి అభ్యంతరం ఉండకూడదు. కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి దొరికాడు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరని చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చి మరీ వ్యాఖ్యానానికి దిగాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు, రెండోదానికి పూచీ లేదు. ఇక్కడ నిరూపించదలచింది ఒక్కటే. ఈ వాక్యం పిల్లల్ని కాలేజీకి సిద్ధం చేస్తున్నట్టు కనిపిస్తుంది కానీ, సిద్ధం చేసేది కాలేజీలో సీటుకు. సీటు వచ్చాక అక్కడ నాలుగేళ్లు గడపడానికి కావలసిన సరంజామా అంతా ఆ ఏడాదిలోనే అటకెక్కుతుంది.

ప్రతిపదార్థం. ‘ఈ ఒక్క ఏడాదీ’ దగ్గరే అన్వయం తడబడుతుంది. ఈ మాట పదో తరగతిలోనూ విన్నదే, ఐఐటీ ఫౌండేషన్ పేరుతో హైస్కూలు మొదట్లోనూ విన్నదే. కనుక ‘ఒక్క’ అన్నది సంఖ్య కాదు, ఓదార్పు. పోనీ ఏడాదైనా పూర్తి ఏడాదా అంటే, అదీ కాదు. జనవరిలో జేఈఈ మెయిన్ మొదటి విడత, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, ఆపైన ఇంటర్ పబ్లిక్ పరీక్షలు (ఐపీఈ), ఏప్రిల్‌లో మెయిన్ రెండో విడత, మే నెలలో నీట్, ఈఏపీసెట్ వరుసకడతాయి కాబట్టి చాలా కాలేజీల్లో సంక్రాంతికి ముందే సిలబస్ ముగించి రివిజన్ మొదలుపెడతారు. అంటే కొత్తగా ఏదైనా నేర్చుకోవడానికి మిగిలేది అరడజను నెలలు. తక్కినదంతా వీకెండ్ టెస్టు, గ్రాండ్ టెస్టు, ఆ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం. ఇక ‘నాన్నా’ అన్న సంబోధన కొడుక్కీ కూతురికీ సమానం. సామదానభేదదండోపాయాల్లో ఇది సామం. ర్యాంకు వస్తే బండి కొనిస్తాననడం దానం, మీ పిన్ని కూతురికి ఎన్నొచ్చాయో చూశావా అనడం భేదం. ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టడం నాలుగోది. సామం ఎంత మెత్తగా ఉంటే తక్కిన మూడూ అంత దగ్గర్లో ఉన్నాయని ఇంట్లో అందరికీ తెలుసు.

‘కళ్లు మూసుకుని చదివెయ్’ అన్నచోట అలంకారం విరోధాభాసం. కళ్లు మూసుకుంటే చదవడమెలా? పక్కచూపులు చూడకుండా అని అర్థం చెప్పుకుంటే విరోధం తొలగిపోతుందని తండ్రుల సంప్రదాయం. అయితే వాచ్యార్థానికి కూడా ఒక గట్టి ప్రమాణం ఉంది. ఇంజనీరింగ్ ఈఏపీసెట్‌లో 160 బిట్లు, 180 నిమిషాలు. బిట్టుకు 67 సెకన్లు దాటితే పక్క బిట్టు ఆకలితో పడుకోవాలి. నెగెటివ్ మార్కులు లేవు కనుక చివరి నిమిషంలో మిగిలిపోయినవన్నీ నిజంగానే కళ్లు మూసుకుని ‘సి’ కొట్టేయడం శాస్త్రసమ్మతం. జేఈఈ మెయిన్‌లో ఈ పప్పులుడకవు, తప్పు గుర్తిస్తే ఒక మార్కు కోత. ఏ పరీక్షకు ఎంత మేరకు కళ్లు మూయాలో కూడా నేర్పడమే ఆ ఏడాది విద్య.

ఆ విద్య పక్క గుమ్మం దాటగానే ఎంత పనికొస్తుందో చూద్దాం. జేఎన్టీయూ పద్ధతి కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షకు వచ్చేవి బిట్లు కావు, పేజీలకొద్దీ రాయాల్సిన పది, పద్నాలుగు మార్కుల ప్రశ్నలు. మొదటి ఏడాదిలో ఎదురయ్యే ఇంజనీరింగ్ గ్రాఫిక్స్‌లో నాలుగు ఆప్షన్లుండవు, తెల్లకాగితం ఉంటుంది. ల్యాబ్‌కు వెళ్తే ఇంటర్‌లో ప్రాక్టికల్స్‌కు వారం ముందు రికార్డు మొత్తం కూర్చున్న చోటనే కాపీ కొట్టిన అనుభవమే పెట్టుబడి. సెకండ్ లాంగ్వేజీగా స్కోరింగ్ కోసం సంస్కృతం తీసుకుని, జవాబులు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసి తొంభై పైచిలుకు తెచ్చుకున్నవారికి భాష రాకుండానే మార్కులు రాగలవన్న తత్త్వం ముందే బోధపడి ఉంటుంది. (ఈ టీకా వారికి కొరుకుడు పడకపోతే తప్పు వ్యాఖ్యాతది కాదు.) పొద్దున స్టడీ అవర్ బెల్లు, రాత్రి స్టడీ అవర్ బెల్లు, నెలకో ఔటింగ్ మధ్య పెరిగిన పిల్లలకు బెల్లు లేని హాస్టల్లో లేవడమే మొదటి సబ్జెక్టు. 75 శాతం హాజరు చాలక కండొనేషన్ ఫీజు కట్టేవాళ్లలో మంచి ర్యాంకర్లు కూడా ఉండడం వింతగా కనిపిస్తుంది. రెండేళ్లు తన టైంటేబుల్ తాను ఒక్కరోజూ వేసుకోనివాళ్లకు అది వింతేమీ కాదు. గతంలో తెలంగాణ ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. విడమరిచి రాయడానికి ఎంతో కొంత విలువ ఉందని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టు అది గుర్తు. తెలంగాణ 2023లో దాన్ని తీసేసింది. రకరకాల బోర్డుల మార్కుల గొడవ, కరోనా ఏళ్ల గందరగోళం వంటి కారణాలు ఏవైనా కావచ్చు, పిల్లలకు అందిన సందేశం మాత్రం బిట్టే బ్రహ్మమని.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. “ఈ ర్యాంకే లేకపోతే కూలివాళ్ల పిల్లలు ఇంజనీర్లయ్యేవాళ్లా? డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకే సీట్లు దక్కేవి కావా?” ఇది తోసిపుచ్చలేని ఆక్షేపం. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. మార్కులో ఎంట్రన్స్ ర్యాంకో చూసి సీటివ్వాలన్న నియమం అందులోనే ఉంది. పరీక్ష హాల్లో ఎవరి అబ్బాయివని అడగరు. ఆపైన వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్నో ఇళ్లలో మొదటి డిగ్రీకి కారణమైంది. కనుక సిద్ధాంతి పరీక్షను తప్పు పట్టడం లేదు, కష్టపడమనడాన్నీ తప్పు పట్టడం లేదు. ఆయన అభ్యంతరమంతా ‘కళ్లు మూసుకుని’ అన్న విశేషణం మీద. పైగా మొదటి తరం చదువు అయిన ఇంట్లో కాలేజీ అంటే ఏమిటో చెప్పే అన్నలూ బాబాయిలూ ఉండరు. ఆ ఇంటి పిల్లలకే కళ్లు ఎక్కువ తెరిచి ఉండాలి. చదువుకున్నవాళ్ల పిల్లలు కళ్లు మూసుకున్నా చెవుల్లో పడే మాటలతో గట్టెక్కుతారు.

రెండో ఆక్షేపం: “కళ్లు తెరిస్తే మనసు చెదురుతుంది. ఒక్క మార్కు తేడాతో వేల ర్యాంకులు వెనక్కి పోయే చోట ఇవన్నీ కుదిరేవేనా? అయినా పదిహేడేళ్లవాళ్లకు ఏం తెలుస్తుందని ఎంచుకుంటారు?” రెండో భాగానికి జవాబు తేలిక. పదిహేనేళ్లకే ఎంపీసీయా బైపీసీయా అని తేల్చినప్పుడు లేని వయసు సమస్య రెండేళ్లు పెరిగాక ఎలా వచ్చింది? మొదటి భాగానికి లెక్కే జవాబు. మెయిన్ రాసేవారు పది లక్షల పైమాట, వారిలో జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు అర్హత రెండున్నర లక్షల మందికి, ఐఐటీ సీట్లు సుమారు 18 వేలు. ఆ 18 వేల కోసం వేసిన దినచర్యను తక్కిన లక్షల మంది మీదా అచ్చుగుద్దినట్టు రుద్దుతున్నాం. వాళ్లు చేరబోయేది మరో కాలేజీలో, మరో బ్రాంచిలో. దాని గురించి తెలుసుకోవడానికి పోయేది నెలకో ఆదివారం సాయంత్రం. మొదటి ఏడాది సిలబస్ వెబ్‌సైట్లోంచి దించుకుని చూడడం, ఊళ్లో ఉన్న సీనియర్‌ను అడగడం, ఒక కాలేజీ ల్యాబ్ గుమ్మంలోంచి తొంగి చూడడం, ఇంతే. నూరు గజాల ప్లాటు కొనాలంటే లింకు డాక్యుమెంట్లు అడిగి, ఈసీ తీయించి, పక్క ప్లాటువాణ్ణి కూడా విచారించే తండ్రి, నాలుగేళ్ల కోర్సు విషయంలో నిరుటి కటాఫ్ ర్యాంకుల జిరాక్సు కాగితం ఒక్కటి చాలనుకోవడం వ్యాఖ్యాతకు అంతుబట్టలేదు.

మిగిలింది ‘తర్వాత అంతా నీ ఇష్టమే’. ఇందులో ‘తర్వాత’కు హద్దు లేదు. బీటెక్‌లో చేరగానే ప్లేస్‌మెంట్ దాకా, ప్లేస్‌మెంట్ వచ్చాక ఎమ్మెస్ దాకా జరిగిపోతూ ఉంటుంది. తార్కికులు దీన్ని అనవస్థాదోషం అంటారు. ‘నీ ఇష్టం’ అన్నది మాత్రం ఒకసారి నిజంగానే చేతికొస్తుంది, కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్ల వేళ. నెట్ సెంటర్లో ప్లాస్టిక్ కుర్చీ, వెనక నాన్న, ఆయన వెనక క్యూలో ఇంకో ఇద్దరు నాన్నలు. తెర మీద కాలేజీ కోడ్లు, బ్రాంచి కోడ్లు: సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్డీ, ఈసీఈ. సీఎస్ఎంకీ సీఎస్డీకీ తేడా ఏమిటో ఆ వరుసలో ఎవరికీ స్పష్టంగా తెలియదు, సెంటర్ కుర్రాడికి తప్ప. అతనికి తెలిసింది కూడా నిరుడు ఏది ముందు నిండిందో మాత్రమే. రెండేళ్లుగా ఏ సబ్బు వాడాలో కూడా తాను తేల్చుకోని మనిషి ఇప్పుడు వంద ఆప్షన్లకు వరుసక్రమం చెప్పాలి. ఫ్రీజ్ చేశాక మార్చడానికి లేదు. ఓటీపీ వచ్చేది రిజిస్టర్ చేసిన నంబరుకు, ఆ నంబరు నాన్నది. అందుకే ఈ ఘట్టంలో మూలానికి పాఠాంతరాలు ఎక్కువ. కొన్ని ఇళ్లలో చివరి పదం లుప్తం. కొన్నింట ‘నీ ఇష్టమే, కానీ సీఎస్ఈ పైన పెట్టు’ అని ఉంది. కోస్తాలోనూ తెలంగాణలోనూ ఎక్కువమంది నోట వినిపించేది ఈ రెండోదే కనుక దాన్నే శుద్ధపాఠంగా గ్రహించడమైనది.