దెయ్యం చేపకు ఒక బహిరంగ లేఖ

దెయ్యం చేపా,

అక్వేరియం దుకాణంవాళ్లు నిన్ను సక్కర్ ఫిష్ అంటారు, ట్యాంక్ క్లీనర్ అంటారు. నేను మాత్రం నీ వల్ల నష్టపోయిన జాలర్లు పెట్టిన పేరుతోనే పిలుస్తాను.

ఫాల్గుణం దాటి చైత్రం వచ్చేసరికి మా చెరువుల్లో నీళ్లు తీసి మడుగుల్లోకి చేరతాయి. చేపల వేటకు అసలైన అదను అదే. మావులు పెట్టేవాళ్లు, విసురు వల భుజాన వేసుకునేవాళ్లు, గాలానికి వానపాము గుచ్చుకుని చీకటి పడేదాకా గట్టు మీద కూర్చునేవాళ్లు, అందరూ వెతికేది అడుగు బురదలో తిరిగే మీసాల చేపల కోసమే. మార్పు, ఇంగిలాయి, జెల్ల, వాలుగ. జెల్ల ముల్లు గుచ్చుకుంటే చెయ్యి గంటల తరబడి సలుపుతుంది. ఇంగిలాయి ముల్లులో విషమే ఉంది. అయినా వాటి మీద ఎవరికీ కోపం లేదు. మార్పు గాలి పీల్చి బతకగలదు కాబట్టి బిందెలో కాసిని నీళ్లు పోసి సంతదాకా ప్రాణంతోనే తీసుకెళ్తారు. జెల్లల పులుసు ఉడుకుతుంటే ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. ఈ నేల మీద వసంతానికి దక్కిన తిండి అది.

ఇప్పుడు వల బరువుగా తగిలి ఆశతో లాగితే నువ్వు వస్తున్నావు. నీకు పొలుసుల్లేవు, ఒళ్లంతా ఎముక పలకలు. వీపు మీద తెరచాపలాంటి రెక్క, పక్కల గట్టి ముళ్లు. నైలాన్ వలలో ఒక్కసారి ఇరుక్కున్నావంటే ఊడదీయడం అయ్యే పని కాదు, వల కన్నులు కోయాల్సిందే. అప్పు చేసి కొన్న వల అది. పగలంతా నీళ్లలో ఉండి వచ్చిన మనిషి రాత్రి కూర్చుని దాన్ని అల్లుకోవాలి. అంత చేసి నిన్ను ఒడ్డుకు తెస్తే కొనేవాడు లేడు. గట్టు మీద పడేస్తే కడుపు ద్వారా గాలి పీల్చుకుంటూ గంటలు బతుకుతావు, సందు దొరికితే మళ్లీ నీళ్లలోకి జారుకుంటావు.

నీటి అడుగున నువ్వు చేసే చేటు ఇంకా పెద్దది. రాళ్లకు, మట్టికి నోరు ఆనించి నాచు గీకి తింటావు. ఆ ఊపులో అక్కడ అంటుకుని ఉన్న వేరే చేపల గుడ్లూ పోతాయి. గుడ్లు పెట్టడానికి గట్లలో మీటరు దాకా బొరియలు తవ్వుతావు. మగచేప అందులో కాపలా ఉంటుంది. అలాంటి బొరియలు పెరిగేకొద్దీ గట్టు గుల్లబారి విరిగిపడుతుంది.

తప్పు నీది కాదని నాకు తెలుసు. నీ పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్ నీళ్లలో నిన్ను తినే జంతువులున్నాయి, వండుకునే మనుషులున్నారు. వేలెడంత పిల్లగా నిన్ను తెచ్చి గాజు తొట్టెలో నాచు తినమని వదిలింది మేమే. మూరెడు అయ్యేసరికి తొట్టె చాలలేదు. చంపితే పాపమని ఎవరో కాలువలో వదిలారు, ఇంకెవరో చెరువులో వదిలారు. ఒక ప్రాణం మీద చూపిన ఆ దయ ఇప్పుడు ఎన్ని వేల జెల్ల పిల్లల నోటి దగ్గరి తిండిని లాక్కుంటోందో ఆ వదిలినవాళ్లకు తెలియదు.

ఉత్తర అమెరికాలో నీలాంటి మీసాల చేపే ఇంకోటి ఉంది, బుల్‌హెడ్. అక్కడ సరస్సుల మీద మంచు కరగగానే, త్వరగా వేడెక్కే లోతులేని బురద మడుగుల దగ్గర రాత్రిపూట గాలాలతో దానికోసం కాచుకుంటారు. సొంత నీళ్లలో అది చాలామంది ఎదురుచూసే చేప. ఆ రకాల్లో ఒకటైన నల్ల బుల్‌హెడ్‌ను ఐరోపాకు తీసుకెళ్తే అక్కడ బెడదగా మారింది. 2022లో ఐరోపా సమాఖ్య దాన్ని ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చింది. నీ కథా అదే. మెక్సికోలో ఇన్‌ఫియర్నియో జలాశయం మీద బతికే జాలర్లకు ఒకప్పుడు తిలాపియా దండిగా పడేది. నువ్వు చేరాక వలలో పడేవాటిలో ఎక్కువ భాగం నువ్వే. బంగ్లాదేశ్ 2023లో నిన్ను నిషేధించింది. ఇక్కడ హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్లలో మిగిలే డీఎన్ఏ జాడను బట్టి వెతికితే, తూర్పు కనుమల్లో పరిశీలించిన నీటి వనరుల్లో దాదాపు 60 శాతం చోట్లకు నువ్వు పాకినట్టు తేలింది.

అందుకే నీ మీద పగ లేకపోయినా నిన్ను ఈ నీళ్లలో ఉండనివ్వకూడదనే నా మాట. దానికి కూడా అదను వసంతమే. నీరు తీసినప్పుడు గట్లలో నీ బొరియలు బయటపడతాయి, నువ్వు మడుగుల్లో ఒకచోట పోగవుతావు. తొలకరి పడి కాలువలు పారాయంటే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు నీకు అడ్డులేదు. చైత్ర వైశాఖాల్లోనే ఊరూరా నిన్ను ఏరి పూడ్చాలి. ఆ పని మత్స్యకార సొసైటీల చేత చేయించి, కిలోకు ఇంత అని ప్రభుత్వం కూలి కట్టివ్వాలి. అమ్ముడుపోని చేపను ఏరడానికి జాలరి తన రోజు కూలి ఎందుకు పోగొట్టుకోవాలి?

జాలరి అన్నలకు ఒక మనవి. విసుగొచ్చి దీన్ని తిరిగి నీళ్లలోకి విసరకండి. ఇళ్లలో అక్వేరియం ఉన్నవాళ్లకు ఇంకో మనవి. తొట్టెలో ఈ చేప పెరిగిపోతే కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి. వాళ్లు తీసుకోకపోతే మీరే ఉంచుకుని సాకండి. చెరువులో, కాలువలో, గుడి కోనేట్లో మాత్రం వదలకండి.

ఇట్లు
మీసాల చేపలు తిని పెరిగిన ఒక చెరువు ఊరి మనిషి