ముందే తెలిసిన ఆశ్చర్యం

ఆర్థిక సంక్షోభం వచ్చిన ప్రతిసారీ పెద్ద బ్యాంకర్లకూ, వాళ్లకు సలహాలిచ్చే ఆచార్యులకూ ఒకేసారి మతిమరుపు పట్టుకుంటుంది. నిన్నటిదాకా రేపటి మార్కెట్‌ను దశాంశాలతో సహా చెప్పినవాళ్లు కొంప మునిగిన మర్నాడు "దీన్ని ఎవరూ ఊహించలేదు" అంటారు. ఎవరూ ఊహించలేదంటే ఎవరి తప్పూ లేనట్టే. ఎవరి తప్పూ లేనప్పుడు ఎవరి కుర్చీకీ ముప్పు లేదు. 2008 నవంబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు వెళ్లిన ఎలిజబెత్ రాణి, ఇంత ఉపద్రవాన్ని ఎవరూ ఎందుకు కనిపెట్టలేకపోయారని అడిగారు. బ్రిటిష్ అకాడమీ పండితులు మరుసటి ఏడాది జూలైలో జవాబు రాశారు: ఎందరో మేధావులకు ఉమ్మడిగా ఊహాశక్తి లోపించిందట. ఆ మాట ఊహించడానికి ఎనిమిది నెలలు పట్టింది.

నిజంగా ఎవరూ ఊహించలేదా? 1998లో అమెరికా ఫ్యూచర్స్ మార్కెట్ల నియంత్రణ సంస్థకు అధ్యక్షురాలిగా ఉన్న బ్రూక్స్‌లీ బోర్న్, బ్యాంకులు చాటుమాటున రాసుకునే, ధరలు రేపెటు పోతాయోనని కాసే పందేల్లాంటి డెరివేటివ్ ఒప్పందాలపై నిఘా అవసరమేమో పరిశీలిద్దామన్నారు. ఫెడరల్ రిజర్వ్ అధిపతి గ్రీన్‌స్పాన్, ఆర్థిక మంత్రి రూబిన్, ఆయన ఉపమంత్రి సమ్మర్స్ ముగ్గురూ కలిసి అడ్డుపడ్డారు. అదే ఏడాది, అంతకుముందే నోబెల్ అందుకున్న ఇద్దరు ఆచార్యులు భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే పెట్టుబడి సంస్థ కుప్పకూలితే, పెద్ద బ్యాంకులు 360 కోట్ల డాలర్లు పోసి గట్టెక్కించాల్సి వచ్చింది. దాని నుంచి నేర్చిన పాఠమేమిటంటే, రెండేళ్లకు ఆ ఒప్పందాల్లో అధిక భాగాన్ని నియంత్రణకు అందకుండా చేస్తూ చట్టం తేవడం. 2005లో అమెరికాలోని జాక్సన్ హోల్‌లో గ్రీన్‌స్పాన్ కాలం నేర్పిన పాఠాలపై సదస్సు పెట్టారు. పొగడ్తల మధ్య అంతర్జాతీయ ద్రవ్యనిధి ముఖ్య ఆర్థికవేత్త రఘురాం రాజన్ లేచి, బ్యాంకుల జీతభత్యాల పద్ధతే పెద్ద ప్రమాదాలకు ఎగబడేలా చేస్తోందన్నారు. ఆయనది కొత్తదనమంటే గిట్టని ధోరణి అన్నట్టు కొట్టిపారేసినవారు సమ్మర్సే. 2009లో సంక్షోభం నుంచి దేశాన్ని బయటపడేసేందుకు శ్వేతసౌధం ఎవర్ని పిలిచి ఆర్థిక మండలి పగ్గాలు అప్పగించింది? సమ్మర్స్‌నే.

నిత్యం అపశకునం పలికేవాడి మాట ఎప్పుడో ఒకప్పుడు నిజం కాక మానదని ఒక వాదన ఉంది. సంక్షోభం ఏ రోజు వస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదని ఇంకో వాదన. రెండోది నిజమే. అయితే చెరువుకట్ట బీటలు వారిందని చెప్పినవాణ్ణి ఏ తేదీన, ఎన్ని గంటలకు తెగుతుందో చెప్పమని నిలదీస్తామా? బోర్న్, రాజన్ చెప్పింది తేదీలు కాదు, బీటలు ఎక్కడున్నాయో. జోస్యాలు చెప్పింది అవతలివాళ్లు. షేర్ల ధరలు శాశ్వతంగా ఎత్తైన పీఠభూమికి చేరాయని ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1929 అక్టోబరులో ప్రకటించారు. 1932 నాటికి డౌ జోన్స్ సూచీ దాదాపు 89 శాతం పడిపోయింది. మాంద్యాన్ని నివారించే సమస్య పరిష్కారమైపోయిందని మరో ఆర్థికవేత్త రాబర్ట్ లూకస్ 2003లో చెప్పారు. ఇళ్ల రుణాల చిక్కు అదుపులోనే ఉన్నట్టు కనిపిస్తోందని అప్పటి ఫెడరల్ రిజర్వ్ అధిపతి బెర్నాంకీ 2007 మార్చిలో అన్నారు. ఫిషర్‌కు మాత్రం ఒక్క విషయంలో దండం పెట్టాలి: తన మాట తానే నమ్మి సొంత ఆస్తి పోగొట్టుకున్నారు. తర్వాతి తరం ఆ పొరపాటు చేయలేదు, పోగొట్టడానికి ఇతరుల సొమ్ము ఎంచుకుంది.

బ్యాంకుల్ని ఆదుకోకపోతే సామాన్యుడే మునిగేవాడంటారు. ఒప్పుకుందాం. 2008 సెప్టెంబరులో బీమా సంస్థ ఏఐజీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇవ్వకపోతే నష్టం ఇంకా ఘోరంగా ఉండేదేమో. కానీ సంస్థను బతికించడం వేరు, దాన్ని ముంచినవాళ్లను సన్మానించడం వేరు. ఏఐజీని ముంచిన విభాగంలోనివాళ్లకే 2009 మార్చిలో 16.5 కోట్ల డాలర్ల బోనసులు ముట్టాయి. ప్రతిభావంతులు వెళ్లిపోతారనే భయమట! అప్పుడే హైదరాబాదులో ఇంజనీరింగ్ ముగించిన పిల్లలు ఆఫర్ లెటర్లు పట్టుకుని, ఉద్యోగంలో చేరే తేదీ కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ల ప్రతిభ ఎక్కడికి పోతుందోనని ఎవరూ బెంగపడలేదు.

2010లో అమెరికా డాడ్-ఫ్రాంక్ చట్టం తెచ్చి, ఆస్తులు 5,000 కోట్ల డాలర్లకు పైబడిన బ్యాంకుల్ని కఠిన తనిఖీ కిందికి తెచ్చింది. పాఠం గుర్తున్నది ఎనిమిదేళ్లు. 2018లో ఆ హద్దును 25,000 కోట్లకు పెంచారు. సడలింపు కోరినవాళ్లలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు అధిపతి కూడా ఉన్నారు. వడ్డీ రేట్లు ఎగబాకిన 2022లో ఎనిమిది నెలలపాటు ఆ బ్యాంకులో ముప్పును అంచనా వేసే ప్రధాన అధికారి పదవి ఖాళీ. 2023 మార్చి 9న ఒక్కరోజే ఖాతాదార్లు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగారు. మర్నాడు బ్యాంకు మూతపడింది. 2018 సడలింపుల వల్ల పర్యవేక్షణ బలహీనపడిందని ఆ ఏప్రిల్‌లో ఫెడరల్ రిజర్వ్ సొంత నివేదికే ఒప్పుకుంది. ఈసారి టీవీలో ఎవరైనా పెద్దమనిషి "ఎవరూ ఊహించలేదు" అంటే, హెచ్చరించినవాళ్లను అంతకుముందు ఆయన ఏమన్నాడో ఒకసారి వెతికి చూడండి.