పిల్లిగారి సుప్రభాతం

తెల్లవారుజామున నాలుగున్నరకు మంచమెక్కి, ముఖాన పంజాతో తట్టి, ‘మ్యావ్’ అంటూ ఇంటిల్లిపాదినీ లేపే పిల్లిని మొండిఘటమని తిట్టుకుంటాం. నిజానికి అది మంచి విద్యార్థి. పాఠం చెప్పింది మనమే. తెల్లవారుజామున, మునిమాపున వేటకు చురుగ్గా ఉండటం దాని పుట్టు గుణం. ఆ చురుకుదనానికి గిన్నెడు తిండి జతచేసింది మాత్రం మనం. 1898లోనే థార్న్‌డైక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆకలిగొన్న పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూశాడు. ఏ పని చేస్తే తలుపు తెరుచుకుని తిండి దొరికిందో, అవి మళ్లీ మళ్లీ ఆ పనే, అంతకంతకూ త్వరగా చేశాయి. మన పడకగదీ అలాంటి పెట్టే. కాకపోతే లోపల ఉన్నది మనం, మీట నొక్కేది పిల్లి.

‘పాపం, ఆకలి కదా’ అంటారా? రాత్రి పడుకునే ముందు కాసేపు తాడుతో ఆడించి, అప్పుడు పెట్టండి. పొద్దుటి వడ్డన టైమర్ గిన్నెకు అప్పగించండి. ‘పట్టించుకోకపోతే అరుపు ఇంకా పెరిగింది’ అంటారా? పెరుగుతుంది. రోజూ దొరికేది ఆగితే ముందు గొడవ ముదురుతుంది, తర్వాతే తగ్గుతుంది. ఆరో రోజు విసుగొచ్చి లేచి పెట్టారో, ఆరు రోజులు అరిస్తే పనవుతుందని నేర్పినట్టే. కథలో తెనాలి రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి పిల్లికి పాలంటేనే బెదురు పుట్టించాడు. అంత క్రౌర్యం అక్కర్లేదు. అరుపు కొత్తగా మొదలైనా, బాగా తింటూనే చిక్కిపోతున్నా పశువైద్యుడికి చూపించాలి. మిగతా పిల్లులకు మందు, మనం నిద్ర నటించడమే. అరిచినవాడి విస్తట్లోనే ముందు వడ్డించే ఊళ్లో పెరిగిన పిల్లికి ఆ మాత్రం లోకజ్ఞానం ఉండదా?