పావుకిలో స్వావలంబన

"మేం కూరగాయలు కొనడం మానేశాం" అని ఈమధ్య ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరైనా ప్రకటిస్తున్నారు, సిగరెట్ మానేసినంత గంభీరంగా. వెంటనే ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. స్టీలు పళ్లెంలో నాలుగు వంకాయలు, ఏడు బెండకాయలు, నిండుగా కనబడ్డానికి పక్కన ఒక మందార పువ్వు. ఇంట్లో నలుగురున్నారు. రేపేం వండుతారని అడగడం మర్యాద కాదు.

ప్రకృతికి దగ్గరగా బతకడమంటే ఏమిటో వాళ్ల గుమ్మం ముందు పార్సిళ్లు చూస్తే తెలుస్తుంది. గ్రో బ్యాగులు, షేడ్ నెట్, ఇటుకలా నొక్కిన కోకోపీట్, అందులో సారం ఉండదు కాబట్టి వర్మీకంపోస్ట్ బస్తా, పిండినల్లికి వేపనూనె. చివరికి పేడ కూడా ఆన్‌లైన్‌లోనే. సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతం ఎకరానికి: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుపిండి. మన ఆసామి దాన్ని ఇరవై కుండీల కోసం డ్రమ్ములో పులియబెడతాడు. ఆ బెల్లంతో బొబ్బట్లు చేసి పంచినా పక్కింటివాళ్లు ముక్కు మూసుకునేవారు కాదు.

ఇక గుడ్డు పెంకులు. టమాటా అడుగు నల్లబడి కుళ్లితే కాల్షియం లోపమని పెంకులు దంచి పోస్తారు. అవి మట్టిలో కరిగేలోపు మొక్క కాలం తీరిపోతుంది. అయినా బోరు నీళ్లు పోసే ఇంట్లో కాల్షియానికి కరువేముంది? బకెట్ అంచున గట్టిపడే తెల్లపూతలో ఉన్నది అదే. కుండీని ఎండగట్టి శ్రీశైలం వెళ్లి, తిరిగొచ్చాక బకెట్ నీళ్లు కుమ్మరిస్తే ఆ కాల్షియం కాయదాకా చేరదు. నీళ్లు సమంగా పోయడమే మందు. పైసా ఖర్చులేని మందుకు వీడియో ఎవడు చేస్తాడు?

అసలు వేడుక లెక్కల్లో ఉంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పూత రాలిపోతుంది. మే నెలలో కాలే స్లాబు మీద మొక్క ప్రాణం నిలుపుకుంటే అదే గొప్ప. అందుకేనేమో, 2023 జులైలో చాలాచోట్ల కిలో 200 రూపాయలు దాటినప్పుడు మిద్దెతోటల నుంచి నాకు ఒక్క ఫొటో రాలేదు. చలికాలంలో కుండీ విరగకాస్తుంది. అప్పుడే పొలమూ విరగకాస్తుంది. ధర పడిపోయిన ఏడాది పత్తికొండ రైతు కోత కూలి కూడా గిట్టక టమాటాలను రోడ్డు మీద పారబోస్తాడు. మన ఆసామి మాత్రం "ఈ నెల టమాటాకు పైసా ఖర్చు లేదు" అని స్టేటస్ పెడతాడు. నిజమే. ఆ నెల ఎవరికీ పెద్ద ఖర్చు లేదు.

బంతి, చామంతి పెంచేవాళ్లతో నాకు పేచీ లేదు. పూలు పూశాయంటారు, అంతే. దేశాన్ని ఉద్ధరించామనరు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది, సొరకాయను చంకన పెట్టుకుని "రైతులు మందులు కొట్టకుండా ఇలా ఎందుకు పండించరు?" అనే ప్రశ్న. అడిగేదెవరు? ఐదో అంతస్తుకు ఏ పురుగూ ఎగిరి రాలేదని, సాయంత్రం విచ్చే సొరపూలకు బ్రష్షు పట్టుకుని తానే పెళ్లి చేసిన మనిషి. రైతుకు ఎకరమంటే 4,840 గజాలు, పైన పెట్టుబడికి తెచ్చిన అప్పు. అన్ని పూలకూ బ్రష్షు పట్టే కూలీలను ఈయన తన ఖర్చుతో పంపుతానంటే మాట్లాడదాం.