మధుపర్కాలు ఎన్ని జతలు?

మా అమ్మాయి పెళ్లయిన మూడు నెలలకు ఆల్బమ్ వచ్చింది. రెండు చేతులా ఎత్తితే తప్ప లేవని కరిజ్మా ఆల్బమ్. టీపాయ్ చాలక మంచం మీద పరిచాం. మా మేనత్త కళ్లజోడు సవరించుకుని నాలుగు పేజీలు తిప్పి, "మధుపర్కాలు ఎన్ని జతలు కొన్నార్రా?" అని అడిగింది.

ఆవిడ తప్పేం లేదు. జీలకర్ర–బెల్లం దగ్గర ఆ బట్టలు లేత నీలం. పేజీ తిప్పితే మాంగల్యధారణలో గుడ్డుసొన రంగు. తలంబ్రాలకు వచ్చేసరికి గులాబీ. అదే పంచె, అదే చీర, అవే పీటలు. ఊసరవెల్లి కూడా గంటలో ఇంత కష్టపడదు.

ఫోటోగ్రాఫరుకు ఫోన్ చేస్తే, "వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టానండీ" అన్నాడు ధీమాగా. ఆటో మీటరు మీద నడవదని మన ఊళ్లో చంటిపిల్లాడికైనా తెలుసు. ఎక్కించుకున్న ప్రతిసారీ దాని లెక్క దానిదే. కెమెరాలో ఆటో అయినా అంతే. స్థూలంగా దాని నమ్మకం ఒక్కటే: ఎదురుగా ఉన్న రంగులన్నీ కలిపితే బూడిదరంగు రావాలి. వెనక బంతిపూల తెర కనబడితే "అమ్మో, వెలుగే పచ్చగా ఉంది" అనుకుని నీలం కుమ్మరిస్తుంది. అటు తిరిగి పచ్చిక చూస్తే ఆకుపచ్చకు విరుగుడుగా గులాబీ పూస్తుంది. మధ్యలో వీడియో అబ్బాయి ఫోకస్ లైటు వెలిగిస్తే సగం దిద్ది సగం వదిలేస్తుంది. మధుపర్కాలకు మూడు రంగులూ అలా అబ్బాయి.

దానికి తోడు మాది తోటలో పెళ్లి, గోధూళి లగ్నం. వెలుతురుకు అంతకంటే చపలమైన ముహూర్తం లేదు. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. దీపం దాదాపు 1,900, పాతకాలపు బల్బు 3,000 లోపు, మిట్టమధ్యాహ్నపు ఎండ 5,500, మబ్బు పడితే 6,500, చెట్టునీడలో 7,000 దాటుతుంది. గౌరీపూజ నీరెండలో, గంప దింపింది నీలిసందెలో, తాళి కట్టింది ఫోకస్ లైట్ల కింద. పంతులుగారు ఘడియలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు. వెలుతురు లెక్క మాత్రం ఎవరికీ పట్టలేదు.

వచ్చినవాళ్లు ఒక్కరా? క్యాండిడ్ అబ్బాయి, ట్రెడిషనల్ అబ్బాయి, వీడియో అబ్బాయి, నెత్తిన జోరీగలా డ్రోన్. కెమెరాలు నాలుగు కంపెనీలవి. ఎవరి తెలుపు వారిది. నలుగురూ ఒకే రంగు టీషర్టు వేసుకొచ్చారు, ఒకే బంతిలో కూర్చుని భోంచేశారు. ఒకే అంకె పెట్టుకోవడానికి మాత్రం కుదరలేదు.

పోనీ అదేమైనా బ్రహ్మవిద్యా? కొన్ని వందలు పెడితే బూడిదరంగు అట్ట దొరుకుతుంది. పీటల దగ్గర, పెళ్లికూతురి మీద పడే వెలుగులోనే దాన్ని పట్టుకుని ఒక ఫోటో తీసి, అన్ని కెమెరాలనూ దానికి కట్టేయాలి. వెలుగు మారినప్పుడల్లా మళ్లీ ఒకటి. కాశీయాత్రకు బయల్దేరిన పెళ్లికొడుకును బతిమాలి వెనక్కి తెచ్చేంత సేపు కూడా పట్టదు. లక్షల ప్యాకేజీలో ఆ అట్టముక్కకు చోటు లేదు. పొగయంత్రానికి ఉంది.

"ఎడిటింగులో చూసుకుందాం సార్" అనేది మరో తారకమంత్రం. రా ఫైలు తీసి ఉంటే చూసుకోవచ్చు, అది తరిగిపెట్టిన కూరగాయ. ఇతను తీసింది జేపెగ్. ఉప్పూకారం వేసి దించేసిన పులుసు. అందులోంచి ఉప్పు ఏరమంటే ఎవరి తరం? రా తీసినా, ఒక చెంప మీద పసుపు ఫోకస్, ఇంకో చెంప మీద నీలి ఆకాశం పడితే రెండింటికీ సరిపోయే అంకె లేదు. ఊదారంగు ఎల్‌ఈడీ వేశారా, ఇక దణ్ణం పెట్టి ఊరుకోవడమే.

ఇన్ని రంగుల తిరునాళ్లలో ఒక్కటి మాత్రం మొదటి పేజీ నుంచి అప్పగింతల దాకా చెక్కు చెదరలేదు. పెళ్లికూతురి ముఖం. పాలమీగడ. కింద చేతులు చామనఛాయ, పైన ముఖం విదేశీ దిగుమతి.

ఇక్కడ ఫోటోగ్రాఫరును అనడానికి నాకు నోరు లేదు. అడ్వాన్సు ఇచ్చిన రోజు నేనే అన్నాను, "అమ్మాయి కాస్త తెల్లగా రావాలి బాబూ" అని. వైట్ బ్యాలెన్స్ అంటే తెలుపును తెలుపుగా ఉంచడమని పుస్తకాల్లో రాస్తారు. మన ఇళ్లల్లో బ్యాలెన్స్ అంటే ఇంకా రావలసిన బాకీ. దేవుడు పిల్లకు ఎగ్గొట్టిన తెలుపును ఫోటోగ్రాఫరు దగ్గర వసూలు చేసుకుంటాం. ఫిల్ము రోజుల్లో కోడాక్ ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి తెల్లజాతి యువతి బొమ్మను కొలతగా పెట్టుకునేవి, షర్లీ కార్డు అనేవారు. 1990లలో వాళ్లు బుద్ధి తెచ్చుకుని రకరకాల ఛాయలవాళ్లను పక్కన నిలబెట్టారు. మనం మాత్రం పాత కార్డును పెళ్లిచూపులకు కూడా వెంట తీసుకెళ్తున్నాం. తెల్లగా ఉండాల్సిన బట్ట ఏ రంగుకు తిరిగినా సర్దుకుపోతాం. చామనఛాయగా ఉండాల్సిన పిల్ల చామనఛాయగా వస్తేనే డబ్బులు వెనక్కి అడుగుతాం.

మేనత్త ఆల్బమ్ చివరిదాకా తిప్పింది. అమ్మాయిని పసిగుడ్డుగా కాళ్లమీద పడుకోబెట్టి నలుగు పెట్టి నీళ్లు పోసిన మనిషి. ఆ పాలమీగడ ముఖాన్ని కాసేపు చూసి, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"బట్టల సంగతి పోనీరా. పెళ్లికూతుర్ని కూడా మార్చారా?"