మూగ బొమ్మల వెంట

నన్ను కొన్నది క్రికెట్ కోసం. స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న ఆ ఇంట్లో ప్రపంచకప్ రోజుల్లో నాకు జరిగిన మర్యాద అంతా ఇంతా కాదు. కప్పు అయిపోయింది, నన్ను అటకెక్కించారు. చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ రాత అంతకన్నా గొప్పగా ఏముంటుంది? మళ్లీ కిందికి దించింది హన్మకొండలో డిగ్రీ చదివే మనవరాలు. అదీ తాత కోసం.

తాత రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చెవులు దాదాపు పోయాయి. టీవీలో అందరి నోళ్లూ ఆడుతుంటాయి, ఆయనకు ఒక్క ముక్క అందదు. ఒకరోజు ఆ పిల్ల సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానం’ వేసింది. 1987 నాటి ఆ సినిమాలో చప్పుళ్లున్నాయి గానీ మాటల్లేవు. ఇంటిల్లిపాదీ నవ్విన చోటల్లా తాత కూడా నవ్వాడు. అయిపోగానే, “గిసొంటిదే ఇంకోటి వెయ్ బిడ్డా” అన్నాడు.

మూకీలని వెతికితే ముందు ఎదురొచ్చేది చాప్లినే. తాత కాసేపు నవ్వి, “నవ్వులు సాలు, కథ గావాలె” అన్నాడు. అప్పుడు దొరికింది ‘ది లాస్ట్ లాఫ్’. మూర్నావ్ 1924లో జర్మనీలో తీసింది. పెద్ద హోటల్ గుమ్మంలో మెరిసే గుండీల కోటు వేసుకుని దర్జాగా నిలబడే ముసలాయన ఒకనాడు బరువైన పెట్టె దింపి, అలసి కూర్చుంటాడు. అది మేనేజర్ కంటపడుతుంది. కోటు ఊడదీసి ఆయన్ని మరుగుదొడ్ల దగ్గర పనికి పంపేస్తారు. నా వెలుగు పడే గోడకు క్యాలెండర్ మేకు ఒకటుంది. కోటు విప్పే సీన్లో అది సరిగ్గా గుండీల వరుసలోకి వచ్చింది. తెరమీద గుండీ తెగి కింద పడింది, మేకు మాత్రం అక్కడే ఉండిపోయింది. తాత చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. యూనిఫాం తీసేయడమంటే ఏమిటో రైల్వే మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. సినిమా మొత్తంలో కథ చెప్పే అక్షరాల కార్డు ఒక్కటే కాబట్టి మనవరాలికీ అర్థం చెప్పే పని పడలేదు.

మళ్లీ అదే మాట: గిసొంటిదే ఇంకోటి. ఇలాంటప్పుడు అందరూ జాబితాల మీద పడతారు. ఏ జాబితా చూసినా అవే పేర్లు. మా పిల్ల ఆ దారి వదిలేసి, ఈ సినిమాకు పనిచేసినవాళ్లు ఇంకేం చేశారో ఆరా తీసింది. కథ రాసింది కార్ల్ మేయర్. మూర్నావ్ అమెరికా వెళ్లి 1927లో తీసిన ‘సన్‌రైజ్’కు రాసిందీ ఆయనే. పట్నం మనిషి మోజులో పడి, పెళ్లాన్ని పడవెక్కించి నీళ్లలో ముంచాలనుకునే రైతు కథ అది. చంపబోయి ఆగిపోతాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక్క మాటైనా లేకుండా ట్రాములో పట్నం పోతారు. కిటికీ అవతల చెట్లు వెనకబడి ఇళ్లు మొదలవుతాయి. అంతసేపూ చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న బాపమ్మ, తాత ఇల్లాలు, పని ఆపేసి, “వాన్ని నమ్మకే తల్లీ” అని గోడకు చెప్పింది. ఆ భార్యగా వేసిన జానెట్ గేనర్‌కే తొలి ఆస్కార్ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. బాపమ్మ ఇచ్చిన బహుమతే పెద్దదని నా లెక్క.

యంత్రాన్ని కాబట్టి ఒక సంగతి చెప్పాలి. మూకీ కెమెరాలను చాలావరకు చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 బొమ్మలు, 18, 20, ఇలా ఎవరి చేతివాటం వాళ్లది. టాకీలొచ్చాక 24 ఖాయమైంది. పదహారుతో తీసినదాన్ని ఇరవై నాలుగుతో ఆడిస్తే ఏడ్చేవాడు కూడా గంతులేస్తున్నట్టుంటాడు. మూకీలంటే నవ్వులాటే అనుకోవడానికి సగం కారణం ఇదే. మనుషులు ఉరుకుతున్నట్టు కనిపిస్తే ఆ కాపీ వదిలేసి, పునరుద్ధరించిన కాపీ కోసం చూడండి.

‘లాస్ట్ లాఫ్’ నిర్మించింది ఉఫా అనే జర్మన్ కంపెనీ. ఆ పేరు పట్టుకుని వెళ్తే దారి మన దేశానికే తిరిగింది. హిమాంశు రాయ్ నిర్మించి నటించగా ఫ్రాంజ్ ఆస్టెన్ తీసిన ‘ఎ త్రో ఆఫ్ డైస్’లో ఉఫాకు భాగముంది. 1929 నాటిది. ఇద్దరు రాజులు, ఒక ఆశ్రమ కన్య, మోసపు పాచికలు. కార్డులన్నీ ఇంగ్లిష్. అయినా చిన్నప్పటినుంచీ చిందు భాగోతాలు చూసిన బాపమ్మకు కార్డుతో పనేముంది? పాచికలు తీయగానే, “ఇగ రాజ్యం పోతది సూడు” అంది. పోయింది. ఆ సినిమాకు దుస్తులు, కళా విభాగంలో చేయి వేసిన దేవికారాణి పుట్టింది మన వాల్తేరులోనే.

ఇంత దగ్గరికొచ్చాక తాత అడగక ఊరుకుంటాడా? మనోళ్లవి వెయ్యమన్నాడు. పిల్ల వెతికింది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించిన రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి 1921 ప్రాంతంలో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. మా ఊరి స్టేషన్లో రైలెక్కితే రెండు మూడు గంటల్లో చేరే హైదరాబాద్‌లో ధీరేన్ గంగూలీ 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి వరసగా మూకీలు తీశాడు. ‘రజియా బేగం’ ఆడించాడని 1924లో నిజాం సర్కారు ఆయన్ని వెళ్లగొట్టింది. ఇలా పేర్లన్నీ దొరికాయి. వేయడానికి బొమ్మ ఒక్కటీ దొరకలేదు. ఆ కాలపు ఫిల్మ్ నైట్రేట్‌ది, ఇట్టే అంటుకుంటుంది. పైగా అందులో వెండి ఉంటుంది. ఆడి పాతబడిన రీళ్లను వెండి కోసం కరిగించుకున్నారు. జర్మనీ ముసలాయన కోటును స్టేషన్ ఘన్‌పూర్ గోడ మీద చూపించగలిగాను గానీ, మన భీష్ముణ్ని చూపించలేకపోయాను. నాకది చిన్నతనంగానే ఉంది.

కాబట్టి చదివేవాళ్లకు ఒక మనవి. మీ తాతలు టూరింగ్ టాకీస్ నడిపి ఉంటే, ఇంట్లో తుప్పు పట్టిన ఫిల్మ్ డబ్బాలు ఉంటే, పాత సామాన్ల వాడికి వేయకండి. పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచి, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక ఉత్తరం రాయండి.