బోర్డుకెక్కని బేరం

రైతుబజారులో బేరమాడటమూ, రైలు టికెట్ కౌంటర్ దగ్గర బేరమాడటమూ ఒకటేనని మా ఆవిడకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. వంకాయ ఇంత, బెండకాయ ఇంత అని పొద్దున్నే బోర్డు మీద రాసేస్తారు. టోకు ధరకి కాస్త పైన, బయటి చిల్లర ధరకి కాస్త కింద. మధ్యలో దళారీ లేకుండా రైతే వచ్చి అమ్ముకోవాలని 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలెట్టిన ఏర్పాటిది. అంతా బాగానే ఆలోచించారు గానీ, బేరమాడకుండా కొన్న కూరకి రుచే రాదనే మనుషులుంటారన్న సంగతి మరిచారు.

ఫాల్గుణం చివర్లో ఎర్రగడ్డ రైతుబజారు చూసి తీరాలి. చలి వెళ్లిపోయింది, ఎండ ఇంకా ముదరలేదు. కాలీఫ్లవర్ మొహం వాడ్చుకుని సెలవు తీసుకునే పనిలో ఉంటుంది. మునక్కాడలు కట్టలు కట్టలుగా దిగుతుంటాయి. పచ్చి మామిడికాయల కుప్ప దగ్గర కొనేవాళ్ల కన్నా వాసన చూసేవాళ్లే ఎక్కువ. టమాటాని మాత్రం పలకరించే నాథుడు లేడు. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు మా ఇంట్లో వాటిని లెక్కపెట్టి ఫ్రిజ్‌లో దాచారు. ఇప్పుడు సంచి అడుగున పడేసి, పైన సొరకాయ పెడుతున్నారు.

బోర్డు మీద పేరున్న సరుకు దగ్గర మా ఆవిడ ఎక్కువసేపు నిలబడదు. ఆవిడ వెతికేది బోర్డుకెక్కని వాటి కోసం. ఆ రోజు ఓ మూల గోనెపట్టా పరుచుకుని ఒక అవ్వ కూర్చుంది. ముందు చింతచిగురు. లేత ఎరుపు తిరిగిన ఆకుపచ్చ, రెండు వేళ్ల మధ్య పెడితే నలిగిపోయేంత లేత. పక్కన చాటలో వేపపువ్వు.

"ఎంతవ్వా?"

"పావుకిలో నూరు రూపాయలు బిడ్డా."

"ఆకుకి మటన్ రేటా!"

"మటనైతే కొట్టోడే కోసిస్తడు. గిది చెట్టెక్కి గిల్లుకరావాలె."

మా ఆవిడ చటుక్కున వేపపువ్వు మీదికి మళ్లింది. "మా వీధిలో చెట్టు కింద చాపేస్తే ఊరికే రాలుతుంది అవ్వా."

"మరి ఏసినవా?" తలెత్తకుండానే అడిగింది అవ్వ.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంటిదాకా వస్తే ఏమవుతుందో తెలిసినవాణ్ణి గనక, అటు తిరిగి సొరకాయల్ని పరిశీలించాను.

చివరికి తొంభైకి తెగింది. కొసరుగా గుప్పెడు వేపపువ్వు. అవ్వ నూరు చెప్పిందే ఆ పది తగ్గించడానికని నా అనుమానం. అనుమానాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను.

ఉగాది సరుకులకి వెళ్లేవాళ్లకి ఒక మాట. పెందలాడే వెళ్లండి, చిల్లర పట్టుకెళ్లండి. అవ్వ దగ్గర మాత్రం మటన్ మాటెత్తకండి.